వెనక ఇరుసు మీది చోటు

గాలి ఆగకుండా కొడుతోంది. లారీ కింద వెల్లకిలా పడుకున్న ఇసాకో మొహం మీద వెల్డింగు రవ్వలూ ఇసకా కలిసి రాలుతున్నాయి. ఒక రవ్వ చొక్కా మెడలో దూరి చురుక్కుమంది. దులుపుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

“అయిందా అల్లుడూ?”

టైరు పక్కన మేనమామ ఎలేమా తోలుచెప్పులు కనిపిస్తున్నాయి. పొద్దుటినుంచీ ఆ చెప్పులకి అదే పని. టీకొట్టు దాకా వెళ్ళడం, తిరిగొచ్చి ఈ మాట అడగడం.

“అయిపోవచ్చింది మావా. ఒక్క మాట చెప్తా విను.”

“నిన్న చెప్పావు, మొన్న చెప్పావు. ఇంకా అరగలేదా ఆ మాట నీకు?”

“ఈ ఒక్కసారికి పై అంతస్తు ఇప్పేద్దాం. సగం మేకల్ని ఎక్కిద్దాం. మనుషులొద్దు. మార్సబిట్‌లో బోల్టులు కొని బిగించుకున్నాక నీ ఇష్టమొచ్చినంత ఎక్కించుకో.”

“సగం మేకలా? ఎవరింటివి దించమంటావో నువ్వే చెప్పు. అదిగో, అందరూ ఇక్కడే ఉన్నారు. పిలవనా?”

ఇసాకో ఇంకో కడ్డీ అందుకున్నాడు. ఎలేమాకి కోపం రాదు. వచ్చినా పైకి కనపడదు. ఎదుటివాడి నోరు ఎక్కడ మూతపడుతుందో తెలిసిన మనిషి, అక్కడే వేలు పెడతాడు.

కెన్యా ఉత్తరాన ఎడారి ఊరు నార్త్ హోర్‌లో మిగిలి తిరుగుతున్న లారీ ఆయనదొక్కటే. వానలు మొహం చాటేసినప్పటినుంచీ నీళ్ళ ట్యాంకర్లు తొక్కి తొక్కి ఎడారి దారిని లోతు గాడుల పాలు చేశాయి. పోయినసారి గాడుల మధ్య దిబ్బకి పొట్ట తగిలి లారీ అక్కడే కూలబడింది. తోసి తోసి జనం నడుములు విరిగాయి. అప్పుడు ఎలేమాకి వెనకభాగం ఎత్తు పెంచాలన్న ఆలోచన వచ్చింది. అంతవరకు సబబే. ఎత్తు పెంచుతున్నాం గదా, బరువు మోసే కమాను పట్టీలు ఇంకో రెండు వేస్తే పోలా అనుకున్నాడు. పట్టీలు వేశాక మేకలకి పైన రెండో అంతస్తు కట్టిస్తే ఏం పోయిందనుకున్నాడు. ఆశకి నిచ్చెన వేస్తే మెట్లు వాటంతటవే పుట్టుకొస్తాయి.

కమాను కట్టలు వేలాడేది లారీ అడుగు చట్రానికి, అంటే ఛాసిస్‌కి, కింద ఉండే బ్రాకెట్లకి. పొట్టివి ఊడదీసి, పాడుబడ్డ ట్యాంకరు పలక కోసి, ఇసాకో పొడుగు బ్రాకెట్లు తయారుచేశాడు. వాటికి వంక పెట్టడానికి లేదు. కానీ వాటిని ఛాసిస్ పక్కకి బోల్టులతో బిగించి, లోపలివైపు ఇంకో పలక ఆనించాలి. అంత గట్టి బోల్టులు ఎడారి అవతలి పట్నం మార్సబిట్‌లో తప్ప దొరకవు. మార్సబిట్ పోవాలంటే ఉన్నది ఈ లారీ. అందుకని నేరుగా ఛాసిస్ అడుగుకే వెల్డింగు పెట్టెయ్యమన్నాడు ఎలేమా. వెల్డింగు ఊడదు. దాని అంచున కాలిన ఛాసిస్ ఇనుము పెళుసు తేలి, వెంట్రుకంత పగులుతో మొదలై, దారిలోని రాళ్ళ దిగుడులో బండి ఒకపక్కకి ఒరిగినప్పుడు పుటుక్కుమంటుంది. పొడుగు కాలు వంకర దారిలో తొందరగా మడతపడుతుంది. బండి పని చేసేవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది.

తెలిసి ఎందుకు చేశాడంటే, చేశాడు. జనరేటరు మేనమామది. వెల్డింగు మిషను మేనమామది. తండ్రి పోయిన ఏడు ఇంట్లో కుండ ఎక్కించింది ఆ మేనమామే. ఆయన ఆ మాట ఏనాడూ ఎత్తలేదు. అమ్మ దిరామో మాత్రం ఎత్తని రోజు లేదు. అన్నిటికీ మించి, మేనమామ నోటినుంచి చెడ్డమాట పడితే ఒంటెలు కూడా ఈనవని తమ గాబ్రా తెగవాళ్ళ నమ్మకం. అల్లుడి మంచీ చెడూ ఆయన నాలుక మీదే ఉంటుంది. ఇసాకోకి ఆ నమ్మకం సగమే ఉంది. ఆ సగం చాలు మనిషిని లారీ కిందికి తొయ్యడానికి.

ఆఖరి కడ్డీ కరిగింది. ఇసాకో బయటికొచ్చి నిలబడ్డాడు. లారీ వెనకభాగం ఎవరో చంకల్లో చేతులు పెట్టి ఎత్తినట్టు పైకి లేచి ఉంది. ఛాసిస్‌కీ టైరుకీ మధ్యనుంచి అవతలి ఈతచెట్లు కనిపిస్తున్నాయి. ఆ సందు చూసి ఎలేమా చంటిపిల్లాణ్ణి చూసినట్టు మురిసిపోయాడు.

ఎక్కించడం మొదలైంది. కింద అంతస్తు నిండింది, పైది నిండింది. మేకలంటే పేరుకి మేకలే, తోలు కప్పిన ఎముకలు. మంచి రోజుల్లో ఆరువేల షిల్లింగులు పలికిన మేకకి ఇప్పుడు వెయ్యి వస్తే పండగే. మార్సబిట్‌లో రేపటి సంత దాటితే దక్షిణాది వ్యాపారులు మళ్ళీ వానలు పడ్డాకగానీ రారు. అప్పటికి అమ్మడానికి ఏం మిగులుతాయి? ఆ మేకలపైన, అడ్డంగా వేసిన ఇనపకమ్ముల మీద మనుషులు కూర్చుంటున్నారు. తలకి ఐదొందలు.

అందరూ కూర్చున్నా ఒక చోటు ఖాళీగానే ఉంది. వెనక ఇరుసుకి సరిగ్గా పైన, ఎడంవైపు.

అది మేస్త్రీ చోటు. కమాను కట్టల పని చేసినవాడు మొదటి ప్రయాణంలో అక్కడ కూర్చోవాలి. ఎవరు పెట్టారో, ఆ ఆచారం మంచికే పెట్టారు. తన ప్రాణం అక్కడ ఉంటే పని ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తాడని. కానీ రానురాను అది యజమాని చేతిలో ఎరగా మారింది. మేస్త్రీ ఎక్కాడంటే జనం ఎక్కుతారు. ఎంత ఎక్కించాలో చెప్పేవాడు ఎక్కడ కూర్చోవాలో మాత్రం ఏ ఆచారమూ చెప్పలేదు. ఎలేమా ఎప్పుడూ డ్రైవరు తూరా పక్కన, మెత్త మీదే కూర్చుంటాడు.

“రా అల్లుడూ. పొద్దెక్కుతోంది.”

ఇసాకో కదల్లేదు.

కమ్ముల మీదినుంచి ముసలి బొకాయో కేకేసింది. పక్కగుడిసె మనిషి, ఇసాకోని ఎత్తుకు పెంచింది. “ఏం నాయనా, వండినోడివి నువ్వే నోట పెట్టకపోతే మేమెట్టా తినేది?”

అందరూ నవ్వారు. ఇసాకోకీ నవ్వొచ్చేదే, ఇంకో రోజైతే.

“తినొద్దు అవ్వా,” అన్నాడు. గొంతు తనకే కొత్తగా వినిపించింది. “దిగండి. ఇంత బరువుకి ఆ అతుకు ఆగదు. రాళ్ళ దిగుడు దగ్గర బండి ఒరిగితే ఎడంపక్క బ్రాకెట్టు దగ్గర ఛాసిస్ ఇరుగుద్ది. బోల్టులు లేకండా చేశాను. దిగండి.”

నవ్వులు ఆగాయి. మేకల అరుపులు మిగిలాయి.

పైనున్న ఒకాయన వంగి చూశాడు. “చేసిందెవరు?”

“నేనే.”

“మరి చేసేటప్పుడు ఈ నోరు యాడ పెట్టుకున్నావు?”

దానికి జవాబు టైరు పక్కన తోలుచెప్పులేసుకుని నిలబడి ఉంది. అది అందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన ఒరిగేదేముంది?

బొకాయో నిట్టూర్చింది. “నువ్వు చెప్పేది నిజమే అయ్యుంటది నాయనా. అయితే దిగి ఏం చెయ్యమంటావు? పొద్దున్నే ఇంకో మేక చచ్చింది. ఈ నాలుగూ కూడా అమ్మకముందే చస్తే, నా మనవరాలు ఏం తింటది? ఇక్కడ కూర్చుంటే చావు తప్పదు, బండెక్కితే తప్పొచ్చు. నేను దిగను.”

ఎవరూ దిగలేదు. ఇంకా కిందే ఉన్న కొందరు మాత్రం ఎక్కకుండా ఆగారు. ఆ కొందర్ని చూశాడు ఎలేమా. వాళ్ళ ఛార్జీలూ, వాళ్ళ మేకల రవాణా కూలీ ఆయన కళ్ళలో తిరిగాయి. మొదటిసారి గొంతు గట్టిపడింది.

“ఎక్కరా.”

“ఎక్కను.”

“ఏందీ?”

“ఎక్కను మావా. కాదు, ఎక్కుతా. నువ్వు ముందు ఎక్కి ఆ చోట కూర్చో. నీ ఒళ్ళో కూర్చుంటా.”

ఎవరో కిసుక్కుమని, వెంటనే నోరు మూసుకున్నారు. మేనమామతో ఇలా మాట్లాడిన అల్లుణ్ణి ఆ ఊరు చూడలేదు. మాట బయటపడ్డాక ఇసాకో గుండెలో ఏదో తేలికైంది. అమ్మయ్య, అనేశాను అనుకున్నాడు పాపం.

ఎలేమా కుడిచెయ్యి ఎత్తాడు. కొట్టడానికి కాదు. అది శాపం పెట్టే చెయ్యి. “నా అక్క కడుపున పుట్టి...”

“తమ్ముడూ! ఆపు!”

జనంలోంచి దిరామో దూసుకొచ్చి తమ్ముడి నోటికి తన అరచెయ్యి అడ్డం పెట్టింది. బక్కపలచటి మనిషి, ఆ పరుగుకే రొప్పుతోంది. “ఆ మాట అనొద్దు. నీ నోట్లోనే ఉండనీ. చిన్నోడు, తెలియక వాగాడు. నీ బండి ఆగిపోదు. ఆ చోటు ఖాళీగా ఉండదు.”

అని, ఎవరికీ అర్థమయ్యేలోపు టైరు మీద కాలుపెట్టి, చెక్క పట్టుకుని పైకి ఎక్కసాగింది.

ఇసాకో ఉరికి ఆమె కాలు పట్టుకున్నాడు. “అమ్మా, దిగు. నేనెక్కుతా. నేనే ఎక్కుతా, దిగు.”

దిరామో జనం వైపు తిరిగి గట్టిగా అంది. “నా కొడుకు చేతిపని ఇది! నాకు నమ్మకమే! వాడికి ఒంట్లో బాగాలేదు, అంతే!” తరవాత వంగి, వాడికి మాత్రమే వినపడేలా అంది. “నువ్వెక్కితే నాకింకెవరున్నార్రా? కాలు వదులు. అందరూ చూస్తన్నారు.”

పట్టుకున్న చేతిలో ఆ కాలు గజగజలాడుతోంది. అది ఇసాకోకి తెలిసింది. అయినా చేతులు ఎలా వదిలాయో తెలియలేదు. ఇరవైఏళ్ళు ఆ గొంతు చెప్పినట్టల్లా చేసిన చేతులు మరి.

ఆమె వెళ్ళి వెనక ఇరుసు పైన, ఎడంవైపు, ఖాళీ చోట కూర్చుంది. నెత్తిమీది గుడ్డ గాలికి పోకుండా గడ్డం కింద ముడేసుకుంది.

“తల్లే ఎక్కింది, ఇంకేం కావాలి?” అన్నారు కింద ఆగినవాళ్ళు. వాళ్ళూ ఎక్కారు. మేస్త్రీ ఎక్కితే ఎక్కేవాళ్ళకన్నా మేస్త్రీ తల్లి ఎక్కాక ఎక్కినవాళ్ళే ఎక్కువ. ఇసాకో జీవితంలో మొదటిసారి కాదన్న మాట మేనమామ లారీని అంచుదాకా నింపింది.

ఎలేమా ముందు క్యాబిన్‌లోకి వెళ్తూ అల్లుడి భుజం తట్టాడు. తలుపు పడింది.

“తూరా అన్నా! దిగుడు దగ్గర మనుషుల్ని దింపి నడిపించు! అన్నా, వింటన్నావా? దింపి నడిపించు!”

తూరా తల ఊపాడో, బండి కుదుపుకి తల ఊగిందో తెలియలేదు. లారీ కదిలింది. మొదటి గాడిలో దిగి లేచినప్పుడు పైభాగం మొత్తం ఎడమకి వాలి, మనుషులంతా ఒక్కసారి అరిచి, మళ్ళీ నిటారైంది. పొట్ట దిబ్బకి తగల్లేదు. అంతెత్తున ఉంది. ఇసాకో పక్కనే పరుగెత్తాడు, బ్రాకెట్టునే చూస్తూ. తర్వాత వెనకపడ్డాడు. తర్వాత దుమ్ములో ఏమీ కనపడలేదు. అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. కమ్మిని రెండు చేతులతో పట్టుకుంది మరి, ఎలా తిరుగుతుంది?

అతను గాడి మధ్యలోనే నిలబడిపోయాడు. లారీ కనిపించడం మానేసినా మోత వస్తూనే ఉంది. ఆ మోత వచ్చినంతసేపూ బ్రాకెట్టు ఉన్నట్టే. ఊపిరి బిగబట్టి విన్నాడు. రాళ్ళ దిగుడు ఇంకా దూరం. మోత సన్నబడింది. ఇంకా వస్తోంది. ఇంకా వస్తోంది. అంతలో గాలి మళ్ళీ లేచింది. చెవుల్లో హోరుమంటున్నది లారీయో గాలో ఇసాకోకి తెలియలేదు.