టేపు కింద స్విచ్చి

నేను ఒక జూమ్ లెన్సును. సముద్రాల అవతల, దుమ్ముకు కూడా ప్రవేశం లేని గదిలో పుట్టాను. నా కడుపులో ఒక గాజు బిళ్ల తేలుతూ ఉంటుంది. ఫొటో తీసేవాడి చెయ్యి వణికితే, ఆ బిళ్లను జరిపి బొమ్మను కదలకుండా నిలబెడతాను. వణికేది వాళ్లు, మెప్పులు పొందేదీ వాళ్లే. ఈ లోకంలో ఉద్యోగం అంటే ఇంతే కాబోలు.

నా పక్కన చిన్న స్విచ్చి ఉంది. దాన్ని ఒకటి మీద పెడితే అన్ని వైపుల కదలికనూ ఆపుతాను. రెండు మీద పెడితే కిందికీ పైకీ వచ్చే వణుకునే ఆపి, పక్కకు తిప్పడాన్ని తిప్పనిస్తాను. పరిగెత్తేవాటి వెంట కెమెరా తిప్పుతూ తీయాలంటే రెండే పెట్టాలి. నాతో వచ్చిన చిన్న పుస్తకంలో ఇదంతా ఉంది. నన్ను మొదట కొన్న విశాఖ డాక్టరు గారు దాన్ని చదవలేదు. బాల్కనీలో పిట్టల్ని తీసి, మెడ పట్టేసి, నన్ను అమ్మేశారు. తర్వాత కొన్న స్టూడియో కూర్మారావు ఆ పుస్తకాన్ని ఊగే బల్ల కాలి కింద పెట్టాడు. బల్ల ఊగడం మానేసింది.

ఒక పెళ్లిలో తాళి కట్టే వేళ జనం తోపులాటలో కూర్మారావు బొజ్జ తగిలి నా స్విచ్చి రెండు మీదకు జారింది; పక్కల నుంచి వచ్చిన తోపుల్ని నేను ఆపలేదు. ఫొటోలన్నీ అలుక్కుపోయాయి. పెళ్లికూతురి తండ్రి అందరి ముందూ చెడామడా తిట్టాడు. ఆ రోజే కూర్మారావు స్విచ్చిని ఒకటి మీదకు నెట్టి, పైన నల్లటేపు అంటించేశాడు. జన్మలో ఇక కదలకూడదట.

తర్వాత అమ్మవారి పండుగకు గుర్రాల పందెం వచ్చింది. మాణిక్యం అనే గోధుమరంగు గుర్రాన్ని పిల్లగా ఉన్నప్పటి నుంచి పెంచిన సన్యాసమ్మ కూర్మారావును వెతుక్కుంటూ వచ్చింది.

"దాని కాళ్లు అయిపోనాయి బాబూ. ఇదే ఆకరి పందెం. పరిగెడతన్నప్పుడు ఒక్క ఫొటో తియ్యి. నిలబడింది నాకొద్దు, నిలబడ్డం రేపట్నుంచీ రోజూ సూస్తాను."

"నా లెన్సు ముందు గాలి కూడా కదల్దమ్మా!" అన్నాడు కూర్మారావు. నిజమే, వచ్చిన చిక్కంతా అదే.

మాణిక్యం వచ్చింది. ఎంత అందంగా వచ్చిందో! కూర్మారావు దానితో పాటు నన్ను తిప్పాడు. ఆ తిప్పడం కూడా వణుకే అనుకుని నేను వెనక్కి లాగాను. అతను అటు, నేను ఇటు. టేపు వేసిన నాకు వేరే దారి లేదు. ఫొటోలో గుర్రం గోధుమరంగు మరక అయింది. వెనక ఫ్లెక్సీలో చేతులు జోడించిన నాయకుడు మాత్రం మీసంలో వెంట్రుకలతో సహా తేటగా పడ్డాడు.

కూర్మారావు సిగ్గుపడే రకం కాదు. ఇంటర్నెట్టులో ఎవరిదో గుర్రాన్ని కోసి తెచ్చి ఆ మరక మీద అతికించి, ఫ్రేము కట్టించి ఇచ్చాడు.

"ఇదెవల గుర్రం బాబూ?" అంది సన్యాసమ్మ.

"మన మాణిక్యమేనమ్మా. లైటింగు తేడా."

"నాను పెంచిన గుర్రం నాకు తెలీదేటి? అసలుది సూపించు."

కూర్మారావు నవ్వుతూ కంప్యూటర్లో ఆ మరకను చూపించాడు. ఆమె నవ్వలేదు. దగ్గరికి జరిగి, వేలితో మరక పొడుగునా రాసింది.

"ఇదే! ఇలాగే ఎలిపోయీది నా తల్లి, కళ్లకి అందీది కాదు. ఇదే ఇయ్యి." కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. "మరి ఈయనెవలు?"

"మన నాయకుడమ్మా."

"ఈయనెప్పుడు పరిగెట్నాడు? కత్తిరించియ్యి."

కత్తిరించి ఇచ్చాడు. కోపం ఆమె మీద చూపించలేక నా మీద చూపించి, వచ్చిన ధరకు నన్ను అమ్మేశాడు.

ఇప్పుడు పాత సామాన్ల దుకాణంలో అద్దాల బీరువాలో ఉన్నాను. నా మెడలో 'వణుకుతుంది' అని అట్టముక్క వేలాడుతోంది. వణుకును ఆపడానికి పుట్టినదాన్ని! బాగుచేసేవాడు మరలన్నీ విప్పి, లోపలంతా వెతికి, జబ్బు దొరక్క మళ్లీ బిగించాడు. పైనున్న టేపు జోలికి మాత్రం పోలేదు.

నాకు ఆపడమే కాదు, పోనివ్వడమూ వచ్చు. గోరుతో ఒక్కసారి గీకితే చాలు.