సగం సినిమా

సినిమా చూడటం పాపమా కాదా అన్నది పెళ్లయిన ఏడాది నుంచీ నాకు తేలని సందేహం. ఎవరినడగాలో తెలియదు. పాస్టరుగారిని అడిగితే మా ఆయనకు చెబుతారు. మా ఆయనను అడిగితే పాస్టరుగారికి చెబుతారు. ప్రార్థనలో మాత్రం అడుగుతూనే ఉన్నాను, పప్పు ఉడికేలోపు, బట్టలు జాడిస్తూ. దేవుడు ఇంతవరకూ ఏమీ అనలేదు. అనడానికి మా ఇంట్లో ఆయనకు సందు దొరకలేదేమో. అందరూ ఆయన తరఫున మాట్లాడుతూనే ఉంటారు మరి.

తిరువూరు కాపురానికి వచ్చిన కొత్త. మా ఆయన శాంతయ్య మాస్టారు సువార్త కూటాలకని విజయవాడ వెళ్లారు. పక్కింటి రావమ్మ అక్క, "ఎంతసేపని ఆ గోడలు చూస్తావే, రా," అని మ్యాట్నీకి తీసుకెళ్లింది. పుట్టింట్లో కూడా నేను హాలు గుమ్మం ఎక్కి ఎరగను. తెర మీద ఒక అమ్మాయి పెట్టె సర్దుకుని రైల్వే స్టేషనులో కూర్చుంది. రైలెక్కుతుందా, ఇంటికి తిరిగిపోతుందా అన్నచోట ఇంటర్వెల్ వేశారు. దీపాలు వెలిగేసరికి మా వరుస చివర ఆయన నిలబడి ఉన్నారు. కూటాలు ముందే అయిపోయాయట. ఎక్కడికెళ్లానో అత్తయ్య చెప్పిందట. ఆయన అరవలేదు. "లే," అన్నారు. అంతే. హాలంతా మా వైపు తిరిగింది. రావమ్మ అక్క కూడా లేచింది. "నేనే తీసుకొచ్చాను మాస్టారూ. అనేదేదో నన్ననండి," అంటూ, దారిలో ఆయన నా మీద చెయ్యి చేసుకోకుండా రోడ్డు పొడుగునా మా మధ్య నడిచింది. ఆదివారం నన్ను సంఘం ముందు నిలబెట్టారు. తప్పు ఒప్పుకోమన్నారు. వెనక పిల్లలకు వినపడలేదని మళ్లీ చెప్పించారు. ఈస్టరు దాకా ప్రభు బల్ల దగ్గరికి రావద్దన్నారు. అందరూ లేచి వెళ్లి రొట్టె తీసుకుంటుంటే నేను వెనక వరుసలో ఎవరి చంటిపిల్లనో ఒళ్లో వేసుకుని కూర్చునేదాన్ని.

రావమ్మ అక్క ఆ సంగతిని నవ్వులాటకు తిప్పేసింది. పెరటిగోడ మీదుగా కరివేపాకు అందిస్తూ, "ఏమే ప్రేమా, నా సగం సినిమా ఎప్పుడిస్తావే? చచ్చేలోగానైనా ఇస్తావా?" అనేది. "ఇస్తానక్కా," అనేదాన్ని. ఆ అమ్మాయి రైలెక్కిందో లేదో మా ఇద్దరికీ ఈనాటికీ తెలియదు.

మా అబ్బాయి ఇమ్మాన్యుయేల్ ఇంజనీరింగు మధ్యలో మానేసి, హైదరాబాదులో ఏదో ప్రైవేటు ఫిల్మ్ స్కూల్లో చేరతానన్నప్పుడు ఇంటికప్పు లేచిపోతుందనుకున్నాను. మా ఆయన కాసేపు గడ్డం నిమురుకుని, "వాడి నేర్పు దేవుడిచ్చిన తలాంతు. పాతిపెట్టకూడదు," అన్నారు. సినిమా అనవద్దని, మీడియా పరిచర్య అనాలని మాకు నేర్పారు. పాస్టరుగారు కెమెరా మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. రెడ్డిగూడెంలో మా నాన్న నా పేరున రాసిన మామిడి తోట కౌలు ఫీజుకు సరిపెట్టారు. ఎవరూ నిలబడి ఏదీ ఒప్పుకోలేదు. అన్నం వడ్డిస్తూ ఉండబట్టలేక అడిగాను.

"ఏవండీ, అయితే నేనారోజు చేసింది పాపం కాదా?"

"ఏ రోజు?"

ఆయనకు గుర్తు కూడా లేదు. చెప్పాను.

"నీది కాలక్షేపం. వాడిది పిలుపు. రెండూ ఒకటేనా? మజ్జిగేదీ?"

చదువు చివర వాడు తీయాల్సిన సినిమాకు 'అమ్మ' అని పేరు పెట్టుకున్నాడు. స్నేహితులను వెంటేసుకుని వారం రోజులకు మా ఇంట్లో దిగాడు. గ్యాసు పొయ్యి, మిక్సీ కనపడకూడదన్నాడు. పెరట్లో కట్టెల పొయ్యి పెట్టించాడు. ఇల్లు తుడవడానికి చింపబోయిన చీర ఏరి కట్టుకోమన్నాడు. "గ్యాసు మీద కష్టం కనపడదమ్మా. నువ్వేం నటించక్కర్లేదు, రోజూ చేసేదే," అన్నాడు. కట్టెల పొయ్యి మీద వండింది కెమెరాకి. అది ఎవరూ తినరు. 'కట్' అనగానే లోపలికి పరిగెత్తి గ్యాసు మీద వాళ్లందరికీ వండాలి. ఒకడికి కారం పడదు, ఒకడికి గుడ్డు లేనిదే ముద్ద దిగదు. మళ్లీ పెరట్లోంచి కేక. "అమ్మా, మొహంలో బాధ రావట్లేదు. ఇంకోసారి." పొగకు కళ్లమ్మట నీళ్లు కారితే, "సూపర్, అలాగే ఉండు!" అని చప్పట్లు కొట్టాడు. దగ్గు ఆగక మంచినీళ్లు అడిగాను. "సీను తెగిపోద్దమ్మా, ఆగు," అన్నాడు. తొమ్మిది నెలలు మోసిన కొడుకు నా కష్టం మీద సినిమా తీస్తూ నాకో గ్లాసు నీళ్లివ్వలేదే అనుకున్నాను. ఆ మొహం కూడా వాడికి పనికొచ్చింది. అదీ తీసుకున్నాడు.

వచ్చిన వాళ్లలో ఒకతే ఆడపిల్ల, పూజిత. "నువ్వెళ్లి అమ్మకి హెల్ప్ చెయ్యవే," అని మావాడే వంటింట్లోకి పంపాడు. ఉల్లిపాయలు తరుగుతుంటే, నువ్వేం నేర్చుకుంటున్నావమ్మా అని అడిగాను.

"కెమెరా, ఆంటీ."

"మరి ఇక్కడున్నావేం?"

"వాళ్లు కట్టిన ఫీజే నేనూ కట్టాను. కెమెరా బరువు, అమ్మాయిలు పట్టలేరంటారు మా సారు. దాని స్టాండు మాత్రం మాతోనే మోయిస్తారు. అది ఇంకా బరువు," అని నవ్వింది. కాసేపు నా చేతులకేసి చూసి ఫోను తీసింది. "ఆంటీ, మీకిష్టమైతే ఇక్కడ మిమ్మల్ని తీసుకోనా?"

ఆ వారంలో నన్ను ఆ మాట అడిగింది ఆ పిల్ల ఒక్కతే. తీసుకోమన్నాను.

పిల్లల సినిమాలన్నీ తల్లిదండ్రులకు వేసి చూపిస్తామని స్కూలువాళ్లు రెండు పాసులు పంపారు. మా ఆయన రెండోది పాస్టరుగారికిచ్చారు.

"నేనూ వస్తానండీ."

"వచ్చి ఏం చూస్తావ్? నీ మొహం అద్దంలో కనపడట్లేదా? అమ్మకు వేళకి అన్నం ఎవరు పెడతారు?"

ఫోనులో మావాడు, "అక్కడంతా ఇంగ్లీషమ్మా, నీకు బోరు. వీడియో పంపిస్తాలే," అన్నాడు.

మర్నాడు పూజిత ఫోను చేసింది. కెమెరా పట్టుకున్న దగ్గర్నుంచీ వాళ్ల నాన్న ఆ పిల్లతో మాట్లాడడట. ఆ ఇంటినుంచి ఎవరూ రారు. "నా పాసులు ఖాళీయే ఆంటీ. మీ వంటింట్లో తీసింది ఇంటర్వెల్ తరవాత వేస్తారు. మీరు చూడకపోతే ఎలా?"

పెరటిగోడ దగ్గరికి వెళ్లాను. "అక్కా, నీ మోకాళ్లు హైదరాబాదు బస్సెక్కనిస్తాయా?"

ఆయన ముందురోజే పాస్టరుగారి కారులో వెళ్లిపోయారు. తెల్లవారుతూనే బైబిలు వాక్యం చదువుకుని, అన్నం పప్పు హాట్ బాక్సులో సర్ది అత్తయ్య మంచం పక్కన పెట్టాను. ఆవిడ వడ్డించుకోగలదు. ఇన్నాళ్లూ వడ్డించుకోలేదు, అంతే.

"పొద్దున్నే ఎక్కడికే తయారయ్యావ్?"

"సినిమాకి, అత్తయ్యా."

మావాడి సినిమా మొదట్లోనే వేశారు. తెరనిండా పొగ, పొగలో ఎవరో ముసలామె. నేనే. చివర 'అమ్మ త్యాగానికి అంకితం' అని పడింది. చప్పట్లు మోగాయి. మా ఆయనను వేదిక ఎక్కించి శాలువా కప్పారు. ఆయన మైకు అందుకుని, "మా ఇంట్లో సినిమాకు నేనెన్నడూ అడ్డు చెప్పలేదు," అన్నారు. రావమ్మ అక్క నా మోచెయ్యి గిల్లింది. "విన్నావే? అయితే మనం కలగన్నాం కాబోలు."

ఇంకొన్ని సినిమాలయ్యాక ఇంటర్వెల్ వేశారు. దీపాలు వెలిగాయి. మా వరుస చివర ఆయన, శాలువాతో.

"ఎవరినడిగి వచ్చావ్? అమ్మనొక్కదాన్నే వదిలేసి! లే."

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. మావాడు పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, ప్లీజ్, సార్లు చూస్తున్నారు. మనది అయిపోయిందిగా, నాన్నతో వెళ్లిపో."

నా కాళ్లు వాటంతటవే లేవబోయాయి. అలవాటు. రావమ్మ అక్క ఈసారి లేవలేదు, నా తరఫున మాట్లాడనూ లేదు. నా మొహంలోకి చూస్తూ ఊరుకుంది. పాదాలు నేలకు ఆనించి వెనక్కి జారగిలబడ్డాను.

"సగమే అయిందండీ. మిగతాది చూసి వస్తాను."

ఆయన గొంతు తగ్గించారు. "మళ్లీ సంఘం ముందు నిలబెట్టించుకుంటావా?"

"నిలబడతానండీ. ఈసారి వెనక పిల్లలకు కూడా వినపడేలా చెబుతాను. అంతా చెబుతాను."

ఆయన వెనకనున్న పాస్టరుగారు శాలువా కేసి చూశారు. దీపాలు ఆరిపోయాయి.

పూజిత సినిమాలో పొగ లేదు. గ్యాసు పొయ్యి, దాని ముందు నేను. పెరట్లోంచి మావాడి గొంతు. "కట్! అమ్మా, టీ!" హాలంతా నవ్వింది. "అమ్మా, బాధ రావట్లేదు, ఇంకోసారి." కొంతమందే నవ్వారు. నేను పొయ్యికీ పెరటికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. "అమ్మా!" ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆఖరున తెర మీద నేను గ్లాసునిండా మంచినీళ్లు ముంచుకుని, గోడకు ఆనుకుని, చివరి చుక్కదాకా తాగాను. ఎవరూ కట్ అనలేదు.

ప్రభువా, అని మొదలుపెట్టి ఆగిపోయాను. అడగాల్సింది ఏదీ గుర్తు రాలేదు.

దీపాలు వెలిగాక రావమ్మ అక్క కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుని నా చెయ్యి పట్టుకుంది.

"నా సగం ముట్టిందే ప్రేమా," అంది.