పెద్ద పెట్టెలు తిరిగే చోటు

“నీ చేతులు చిన్నవి కదా, ఈ కడ్డీ నువ్వు పెట్టు,” అన్నాడు ఆయన, వంటింటి గుమ్మంలో నిలబడి. కడ్డీ అంటే డ్రైవరు పట్టుకుని ఇంజిన్ ఎక్కేది. ఇంజిన్ అంటే ఆయన బొమ్మ రైలుది, అరచేతిలో ఇమిడేది. వెంట్రుక కంటే కాస్త లావున్న ఇత్తడి తీగను వంచి, సూదిమొనంత కన్నాల్లో దూర్చి, చుక్క జిగురు తగిలించాలి. ఆమె పొయ్యి మంట తగ్గించి, చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని ఊపిరి బిగబట్టి ఆ కడ్డీ పెట్టింది. నీ చేతులు చిన్నవి అన్న మాట పెళ్ళయిన కొత్తలో ఆ చేతులు పట్టుకుని అన్నాడు. అప్పుడది ఎంత బాగా వినిపించిందో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆమె కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పని చేస్తుంది. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే అందులో ప్లాస్టర్ పోసి, మైనంతో పన్ను మలిచి, చివరికి రంగు తేల్చి పంపాలి. కొత్త పన్ను పాత పళ్ళ మధ్య దొంగలా దొరికిపోకూడదు. అందుకని టీ మరకనీ, వయసు పసుపునీ కావాలనే అద్దుతుంది. “మేడమ్ చెయ్యి పడితే తిరుగు లేదు,” అంటాడు ఓనరు. అంటూనే కిటికీ పక్క బల్లను మొన్నమొన్న చేరిన బావమరిదికి ఇచ్చి, ఆమెను బాత్రూమ్ పక్కన ట్యూబులైటు కిందకి మార్చాడు. పంటి రంగు పగటి వెలుగులోనే సరిగ్గా తెలుస్తుందని ఓనరుకి తెలియక కాదు. ఈవిడ ఎక్కడికి పోతుందిలే అని.

ఇంట్లోనూ అదే విద్య. డబ్బాలోంచి తీసిన తళతళలాడే గూడ్సు పెట్టెలకి తుప్పు, మసి, వాన చారలు ఆమే వేస్తుంది. బొమ్మ రైళ్ళ క్లబ్బు మిత్రులు వచ్చి, “ఏం తుప్పండీ, నిజం బండి కూడా ఇలా ఉండదు,” అని మురిసిపోతే ఆయన వినయంగా నవ్వి, “ఓపిక కావాలండీ,” అంటాడు. ఆ ఓపిక అప్పుడు ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటుంది.

కూతురికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చాక దాని గది ఖాళీ అయింది. ఆ గదికి పెద్ద కిటికీ. అక్కడ తన బల్ల వేసుకుని, డాక్టర్ల దగ్గర నేరుగా పని తెచ్చుకుని, ల్యాబుకి ఒక దండం పెట్టేయాలని ఆమె కోరిక. అడిగితే ఆయన నోట్లో ముద్ద ఉండగానే, “ఆ గది నీదే, నీ ఇష్టం,” అన్నాడు. ముద్ద మింగి అని ఉంటే బాగుండేదేమో. పాత భోజనాల బల్లను కిటికీ కిందకి చేర్చి, రబ్బరు గిన్నె, ప్లాస్టర్ సంచీ, పనిముట్లు తెచ్చి సర్దుకుంది. మొదటిరోజు తలుపేసుకుని ఏ పనీ చేయకుండా కూర్చుంది. కాసేపటికే అత్తగారు తలుపు తట్టారు. “లోపలేం చేస్తున్నావమ్మా? ఒంట్లో బాలేదా?”

అంతలో ఆయన కొత్త పెట్టెలు కొన్నాడు. పాతవి పొట్టివి. ఇవి మూరెడు పొడుగు కాకపోయినా ఆ లెక్కలోవే, లోపల దీపాలు కూడా వెలుగుతాయి. కొనేముందు ప్లాట్‌ఫారం పొడుగు కొలిచాడు, వంతెన ఎత్తు కొలిచాడు, పట్టాల వంపు మాత్రం కొలవలేదు. పొడుగు పెట్టె ఇరుకు వంపులో తిరగదు. తిప్పిన ప్రతిసారీ మూల దగ్గరికి రాగానే పక్కకి ఒరిగి పడిపోయింది. బరువులు పెట్టాడు, చక్రాలు మార్చాడు. తిరిగి ఇచ్చేయొచ్చు కదా అని ఆమె అంటే, “పెట్టెల్లో లోపం లేదు, వంపు పెద్దది కావాలి,” అన్నాడు. వంపు పెద్దది కావాలంటే ఆయన పట్టాలు పరిచిన గది పెద్దది కావాలి. గది పెరిగేది గోడ అవతలికే, ఆమె గదిలోకి.

“ఆ గది నాదన్నారు,” అంది ఆమె.

“నీదే. కాదని ఎవరన్నారు? గోడకి చిన్న కన్నం, అంతే. బండి అలా వచ్చి ఇలా వెళ్ళిపోతుంది, చుట్టపుచూపుగా. నీ బల్ల కాస్త అటు జరుపుకో.”

“పోనీలే అమ్మా,” అన్నారు అత్తగారు. “మావాడికి తాగుడా, పేకాటా? ఇంటిపట్టున కూర్చుని బొమ్మలు చూసుకుంటాడు. అదృష్టవంతురాలివి.”

ఆ అదృష్టం అనే మాట ఆమె ఇన్నేళ్ళుగా వింటోంది. తాగి కొట్టేవాడైతే నలుగురికీ చెప్పుకోవడానికి ఒకటుండేది. ఇదేమని చెప్పుకోవాలి? మా ఆయన రైలు నా గదిలోంచి పోతోందనా? విన్నవాళ్ళు నవ్వుతారు. తనకే ఒకోసారి నవ్వొస్తుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

మేస్త్రీ వచ్చి గోడ తొలిచి వెళ్ళాడు. ఇటుక ముక్కలు ఆమె గది మూలనే వదిలేశాడు. కిటికీ పొడుగునా చెక్క పలక వేసి పట్టాలు పరిచారు. బల్ల తలుపు వెనక్కి జరిగింది. అక్కడ మళ్ళీ ట్యూబులైటే. “సొరంగం ముఖానికి రాళ్ళు నువ్వే చెక్కాలి, నీ ప్లాస్టర్ అయితే బాగుంటుంది,” అన్నాడు ఆయన. చెక్కింది. నాచు వేసింది, పొగ మరక వేసింది. చాలా బాగా వచ్చింది. ఏదైనా బాగా రావడమే ఆమె దౌర్భాగ్యం. ఇటు, ఆమె గదివైపు, పూత లేని ఇటుకలు అలాగే ఉండిపోయాయి. “అటెవరు చూస్తారు?” అన్నాడు.

ఒక డాక్టరమ్మ నమ్మి ఒక పన్ను చేయమని పంపింది. ట్యూబులైటు కింద సరిపోయిందనుకున్న రంగు పేషెంటు నోట్లో పెడితే సున్నం కొట్టినట్టుందట. పన్ను తిరిగొచ్చింది. ఇన్నేళ్ళ పనిలో రంగు తప్పని తిరిగొచ్చింది అదొక్కటే. ఆయన జాలిగానే అన్నాడు, “చూశావా, నీకు ల్యాబే నయం.” ఆ జాలి ఆమెను లోపల్నించి తినేసింది. ఆ తర్వాత డాక్టరమ్మ ఫోను ఎత్తలేదు. తనూ మళ్ళీ చేయలేదు. పొద్దున్నే లేవాలంటే ఒళ్ళు బరువు, అద్దంలో చూసుకోవాలంటే విసుగు. ల్యాబులో ఎవరిదో నవ్వు మలుస్తుంటే, ఇది ఏ ముఖానికి పోతుందో గాని తన ముఖానికి మాత్రం కాదనిపించేది.

ఆదివారం సాయంత్రం క్లబ్బు వాళ్ళు వచ్చారు. ఆమె అందరికీ టీలు ఇచ్చింది. పట్టాల బల్లకీ కుర్చీలకీ మధ్య ఆమె ఒదిగి ఒదిగి నడుస్తుంటే, “ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని ఊరికే అన్నారా?” అన్నాడు ఆయన. అందరూ నవ్వారు. ఆమె కూడా అలవాటుగా నవ్వి, తన గదిలోకి వెళ్ళి తలుపు గడియ వేసుకుంది. గోడ కన్నంలోంచి వాళ్ళ మాటలు స్పష్టంగా వినబడుతున్నాయి.

“సొరంగం అవతల ఏముందండీ?” అని ఎవరో అడిగారు.

“ఏమీ లేదు, ఖాళీ గది. పెద్ద పెట్టెలు తిరగడానికి చోటు కావాలిగా,” అన్నాడు ఆయన.

ఆయన అబద్ధమాడలేదు, దాచనూ లేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. అది తెలియగానే ఆమెకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు. పట్టాల దగ్గరికి నడిచింది.

ఇంజిన్ కన్నంలోంచి బయటికి వచ్చింది, తను పెట్టిన కడ్డీతో సహా. ఆమె దాన్ని ఎత్తింది. దాని ప్రాణం పట్టాల్లోంచి వచ్చే కరెంటే కాబట్టి చేతిలోకి రాగానే చచ్చిపోయింది. దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. ఇటు వచ్చిన పెట్టెల్ని విప్పి పక్కన పేర్చింది, కన్నంలో ఉన్నవాటిని వేలితో అటు నెట్టింది. వాటి తప్పేముంది?

“ఏమోయ్, బండి ఆగింది. పట్టాల మీద దుమ్ముందేమో చూడు,” అని కేకేసి, మిత్రులతో, “మా ఆవిడ చూస్తుంది,” అన్నాడు ఆయన.

ఆమె రబ్బరు గిన్నెలో నీళ్ళు పోసి, ప్లాస్టర్ చల్లి, బుడగలు లేకుండా కలిపింది. కన్నం దగ్గర పట్టాల అతుకు ఊడదీసి, ఇటుక ముక్కలు దగ్గరికి లాక్కుంది. ఆయన కన్నం దగ్గరికి వంగినట్టున్నాడు, గొంతు దగ్గరగా వినిపించింది. “ఉన్నావా అక్కడ?”

“ఇక్కడెవరూ లేరండీ,” అంది ఆమె, కూర అయిందండీ అని చెప్పే గొంతుతోనే. అవతల ఎవరో నవ్వారు. ఆమె మొదటి ఇటుక పెట్టింది.

రేపు మేస్త్రీ వస్తాడు. ఉలి దెబ్బకి ఈ ప్లాస్టర్ ఏపాటి? అత్తగారు అదృష్టం గురించి మళ్ళీ చెబుతారు. కొత్త రాళ్ళు చెక్కమని తననే అడుగుతారు, చెక్కితే అవీ బాగానే వస్తాయి. ఇదంతా ఆమెకు తెలుసు. తెలిసే చివరి సందు కూడా బొటనవేలితో నొక్కి మూసింది. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. అది చల్లారేదాకా అరచెయ్యి గోడకి ఆనించే ఉంచింది.

తర్వాత పలకను పట్టాలతో సహా ఎత్తి గోడకి చేర్చి, బల్లను కిటికీ కిందకి లాగింది. అప్పటికి పొద్దు వాలిపోయింది. పంటి రంగు తేల్చడానికి ఆ వెలుగు చాలదు. అయినా తిరిగొచ్చిన ఆ పన్ను తీసి కిటికీకెదురుగా పట్టుకుంది. తలుపు కొడుతున్నారు, ముందు మెల్లగా, తర్వాత గట్టిగా. ఆమె లేవలేదు.