హాజరు రొట్టెలు

జహీరాబీకి నలభై ఏడేళ్లు. వికారాబాద్‌లో రైలెక్కితే తాండూరు దాకా నిలబడే వస్తుంది, సీటు ఖాళీగా ఉన్నా కూర్చోదు. రోజంతా కూర్చునే పనే కదా అంటుంది.

ఆ పని తాండూరు అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీలో. పదహారేళ్లుగా కంప్యూటర్ ఆపరేటరు, పదహారేళ్లుగా కాంట్రాక్టే. ఆమె చూసుకునేది బీరువా అంత పాత సర్వర్‌ని. ఎవరు ఏ రోజు పనికొచ్చారో ఆ హాజరంతా అందులోనే ఉంటుంది. దాని నెత్తి ఎప్పుడూ పెనంలా కాలుతుంటుంది. మధ్యాహ్నం ప్యాకింగ్‌లో సిమెంటు ఊడ్చే ఆడవాళ్లు జొన్నపిండి తెచ్చి దాని మీదే రొట్టెలు చేసుకుంటారు. తెర మీద ఎవరి హాజరు తెరిచి ఉంటే వాళ్ల పేరు, నెల, వచ్చిన రోజులు రొట్టె మీద నల్లగా కాలి తేలతాయి. మేనేజర్ ప్రేమ్‌సాగర్ ప్రతి మంగళవారం రెండు తెప్పించుకునేవాడు. మీద ఏముందో చదివేవాడు కాదు. ఉప్పు తక్కువైందని మాత్రం అనేవాడు.

ఆ సర్వర్ లోపలి చిప్పుల జాతి అంతరించిపోతోంది. చేసినవాళ్లు ఎప్పుడో చేయడం మానేశారు. దాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టం కంపెనీలు కూడా ఇక మా సపోర్టు ఉండదంటూ ఒక్కొక్కటే జారుకున్నాయి. మిగిలిన ఒక్క కంపెనీ డిసెంబరు నెలాఖరుతో సరి అంది. యంత్రం చెడిపోలేదు, ఒక్క రోజు నాగా పెట్టలేదు. అమ్మేటప్పుడు కడదాకా తోడుంటామన్నవాళ్లకు మొహం మొత్తింది, అంతే. పెళ్లి పందిట్లో కూడా ఇలాంటి మాటలే చెబుతారు.

డిసెంబరు మధ్యలో హైదరాబాద్ నుంచి ప్రవీణ్ అనే కన్సల్టెంటు వచ్చాడు.

"దీన్ని తుక్కుకు పంపాలె మేడం. సపోర్టు లేనిది నడిపితే ఆడిట్ల పట్టుకుంటరు."

"మరి లోపలున్న హాజరు?"

"పర్మినెంటోళ్లది కొత్త దాంట్లకు మార్చినం."

"ప్యాకింగ్ ఆడోళ్లది?"

ప్రవీణ్ ప్రేమ్‌సాగర్ వైపు చూశాడు.

"కాంట్రాక్టోళ్లది ఎందుకు? ఇయ్యాల ఉంటరు, రేపు పోతరు," అన్నాడు ప్రేమ్‌సాగర్.

"హన్మమ్మక్క పంతొమ్మిదేండ్ల సంది ఇయ్యాలనే ఉంది సార్."

హన్మమ్మది బంట్వారం. పంతొమ్మిదేళ్ల సిమెంటు ఆమె ఊపిరితిత్తుల్లో పేరుకుంది. ఆ రోగం పని వల్లే వచ్చిందని తేలితే వైద్యం కంపెనీ చేయించాలి. ఆమె వికారాబాద్ కార్మిక శాఖ ఆఫీసులో అర్జీ పెట్టుకుంటే, ఈమె మా దగ్గర పనిచేసినట్టు రికార్డు లేదని కంపెనీ రాసిచ్చింది. రికార్డు ఉంది. జనవరి ఒకటిన ఉండదు. తామాడిన అబద్ధాన్ని నిజం చేసుకోవడానికి వాళ్లకు ఈ సపోర్టు గొడవ తేరగా దొరికింది.

ప్రేమ్‌సాగర్ ఒక కాగితం ఆమె ముందు పెట్టాడు. ఈ యంత్రంలో పనికొచ్చేదేమీ లేదని అందులో ఉంది.

"సంతకం పెట్టు. కొత్త దాని మీద నిన్నే కూసోబెడ్త, పర్మినెంట్ చేస్త. లేకుంటే నువ్వు గూడ సపోర్టు లేని సామానే," అని నవ్వాడు.

జహీరాబీ కాగితాన్ని వెనక్కి జరిపింది.

"ఇంట్లాయన్ని అడిగి చెప్త సార్."

ఇంట్లాయన పోయి ఆరేళ్లు. ప్రేమ్‌సాగర్ తలూపాడు. మగవాణ్ణి అడుగుతానంటే ఏ మేనేజరూ కాదనడు.

ప్రవీణ్ ప్రింటరు పీకించాడు, పెన్‌డ్రైవు పెట్టే చోట సీలు వేయించాడు. యంత్రం నెత్తి సంగతి ఇద్దరికీ తట్టలేదు. మగవాళ్లకు రొట్టె తినేటప్పుడు కనిపిస్తుంది, కాలేటప్పుడు కనిపించదు.

మర్నాటి నుంచి జహీరాబీ హన్మమ్మ హాజరే తెరిచి పెట్టింది. నెలకో రొట్టె. ప్యాకింగ్‌లోనే పనిచేసే, కన్నడ దిక్కు నుంచి కోడలై వచ్చిన ఈశ్వరమ్మ కడక్ రొట్టె పద్ధతి నేర్పింది. పలచగా చేసి పెళుసెక్కేదాకా కాల్చి ఆరబెడితే నెలల తరబడి నిలుస్తాయి.

"నా పెండ్లికి గూడ గింత పిండి కలపలే బీబీ," అంది హన్మమ్మ దగ్గుతూ.

"జర అటు తిరిగి దగ్గు అక్కా. పిండిల పడుతది."

మంగళవారం ప్రేమ్‌సాగర్ మామూలుగా రెండు తెప్పించుకుని, హన్మమ్మ రెండు వేల పదకొండు జూన్‌నీ జులైనీ తినేశాడు. మిగతా పదకొండు మంది ఆడవాళ్ల హాజరు కాల్చడానికి రోజులు చాలలేదు.

ముప్పై ఒకటో తారీఖున మనుషులొచ్చి, మొగుడు పోయినదాని గాజులు తీసినంత శ్రద్ధగా వైర్లు తీశారు. ప్రేమ్‌సాగర్ సంతకం అడిగాడు.

"ఇంట్లాయన వద్దన్నడు సార్," అంది జహీరాబీ.

రేపటి నుంచి రావద్దన్నాడు.

జనవరిలో విచారణకు హన్మమ్మ రొట్టెలు పాత చీరలో మూటగట్టి, సాక్షిగా జహీరాబీని వెంటబెట్టుకుని వచ్చింది. కార్మిక అధికారి ఒక్కోటీ తీసి చదివి నంబరు వేయించాడు.

"రొట్టె మీద ముద్ర పడ్తలేదు సార్," అన్నాడు గుమాస్తా.

"చీటీ అంటించి దాని మీద వెయ్యవయ్యా."

కంపెనీ తరఫున వచ్చిన ప్రేమ్‌సాగర్ లేచాడు. "రెండు వేల పదకొండుల రెండు నెలలు లేవు సార్."

"అవి మీరే తిన్నరు కద సార్," అంది జహీరాబీ.

"మిగిలిన నెలలన్నీ ఉన్నట్టేనా?" అని అడిగాడు అధికారి. ప్రేమ్‌సాగర్ కూర్చున్నాడు. అధికారి రాసుకున్నాడు.

హన్మమ్మ రోగం పని వల్ల వచ్చిందేనని ఆర్డరు వచ్చింది. ఇప్పుడామె కంపెనీ ఖర్చుతో ఆక్సిజన్ పెట్టుకుని ఆసుపత్రిలో ఉంది. ఊపిరితిత్తులు మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు.

మార్చిలో కంపెనీ జహీరాబీ మీద డేటా దొంగతనం కేసు పెట్టింది. నేరం ఒప్పుకుంటావా అని కోర్టులో అడిగితే, ఒప్పుకుంది. దొంగతనమైతే ఆ హాజరు ఉన్నట్టే కదా.