పండుగప్పను వదిలిన రోజు

నేను ఒక గాలపు ముల్లును. మనిషి చూపుడువేలంత పొడవు, కింద గుండ్రని వంపు, వంపు చివర మొన. మొనకు కొద్దిగా వెనక ఎదురు తిరిగిన చిన్న పలుకు ఒకటుంటుంది. లోపలికి దిగడం మొన పని. దిగాక బయటికి రానివ్వకపోవడం పలుకు పని. మా జాతిని తయారుచేసినవాళ్ళు ఈ రెండు పనులూ బాగా ఆలోచించి పెట్టారు. దిగినచోట ఏం జరుగుతుందో ఆలోచించడం మాత్రం ఎవరి వంతుకూ రాలేదు.

నేను పుట్టింది ఒక ఫ్యాక్టరీలో. చుట్టలు చుట్టిన ఉక్కుతీగను ఒక మర ముక్కలు చేసింది, ఇంకొకటి మొన చెక్కింది, మరొకటి వంచింది. తరవాత కొలిమిలో కాల్చి నూనెలో ముంచారు. చివర బల్ల దగ్గర ఒకావిడ కూర్చుని మాలో వంకరపోయినవాటిని ఏరి పక్కన పడేసేది. వంకరగా ఉండడానికే పుట్టినవాళ్ళలో మళ్ళీ వంకర ఏమిటో నాకు బోధపడలేదు. మనుషుల సంగతి బోధపడకపోవడం నాకు అక్కడే మొదలైంది.

అమలాపురంలో వలలూ తాళ్ళూ అమ్మే దుకాణంలో నన్ను కొన్నాయన పేరు వీరభద్రం. లారీ టైర్లకు కొత్త రబ్బరు వేసే షెడ్డు నడిపేవాడు. నల్లగా, భారీగా ఉండేవాడు. రబ్బరు వాసన ఎంత తోమినా ఆయన చేతులను వదిలేది కాదు. ఆదివారం వస్తే షెడ్డు మూసి, వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గరికి గాలాల పెట్టె పట్టుకుని వెళ్ళిపోయేవాడు. వెంట తమ్ముడు ఉమామహేశం ఉండేవాడు. అందరూ మహేశం అనేవారు. విద్యుత్ శాఖలో ఇంజనీరు.

వాళ్ళ నాన్న ఈ ఇద్దరూ చిన్నగా ఉన్నప్పుడే పోయాడట. వీరభద్రం బడి మానేసి షెడ్డులో పనికి చేరాడు. కూలి చాలని రోజుల్లో ఏటి ఒడ్డున గాలం వేసి, పడ్డది ఇంటికి తెచ్చి తమ్ముడికి పెట్టేవాడు. ఆ ఇంట్లో చేప ఎప్పుడూ ఆట కాలేదు. అది అన్నంలోకి కూర. కూర లేనినాడు ఉప్పూ కారమూ.

మహేశం చదువుకుని, ఉద్యోగం మీద ఊళ్ళు తిరిగి, ఎక్కడో చేపలు పట్టి వదిలేసేవాళ్ళ జట్టులో చేరాడు. ప్లాస్టిక్ చేపపిల్లను ఎర వేస్తాడు. ముల్లుకున్న పలుకును పట్కారుతో నొక్కి చదును చేస్తాడు. చేప పడితే తడిచేతుల్తో పట్టుకుని, ఫొటో తీసుకుని, నీళ్ళలోకి వదిలేస్తాడు. మొదటిసారి చూసిన రోజున వీరభద్రం, ఇంటికెళ్ళి ఆ ఫొటోకే పులుసు పెట్టించుకో అన్నాడు.

ఆ వాదన ఏళ్ళ తరబడి నడిచింది. పెట్టెలో పడుకుని నేను వింటూ ఉండేదాన్ని. పండుగప్ప చిన్నగా ఉన్నప్పుడు మగది, పెరిగి పెద్దదయ్యాక ఆడదవుతుంది, కనుక పెద్దవన్నీ తల్లులే అని మహేశం చెప్పేవాడు. వరద ఎర్రనీరు వచ్చే కాలానికి అవి ఏటి మొగకు చేరి లక్షల్లో గుడ్లు పెడతాయి, ఒక పెద్దదాన్ని కూర వండుకుంటే ఒక ఏడాది పంట వండుకున్నట్టే అనేవాడు. మన చిన్నప్పుడున్న చేపలు ఇప్పుడేవి అని అడిగేవాడు. వీరభద్రం దగ్గరా ఒక ప్రశ్న ఉండేది. ఆకలేసి చంపితే అర్థముంది, తిననివాడు దాని నోట్లో ఇనుము ఎందుకు దించాలి అనేవాడు. ఇద్దరూ ఒకరినొకరు ఒప్పించుకోలేక, తెచ్చుకున్న పులిహోర పంచుకుని తినేవారు.

అలా ఉండగా వీరభద్రానికి జబ్బు చేసింది. కళ్ళు పచ్చబడ్డాయి, కడుపులో నీరు చేరింది. మందు ముట్టని మనిషికి లివరు ఎలా పాడవుతుందని అందరూ డాక్టర్లనే నిలదీశారు. కాకినాడలో చూడాల్సిందంతా చూసి, ఆఖరికి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆయన భార్య సత్యవేణి ఏది వండినా రెండు ముద్దలు తిని కంచం తోసేసేవాడు. ఏం తినాలనుందని ఆవిడ అడిగితే పండుగప్ప పులుసు అన్నాడు. మహేశం బజారుకు వెళ్ళి తెస్తానన్నాడు. అక్కర్లేదన్నాడు అన్న. తన చేత్తో పట్టి, తన ఇంట్లోవాళ్ళకు మరొక్కసారి పెట్టాలని ఆయన కోరిక.

డాక్టరు వద్దన్నా, సత్యవేణి సరే అంది. మహేశమే కారులో తీసుకెళ్ళాడు. పడవ నడిపే నూకరాజు ఆయన్ను రెండు చేతులతో ఎత్తి పడవలో కూర్చోబెట్టాడు. ఎప్పుడూ ఇంత తేలిగ్గా లేరండీ అని నోరు జారి, తల తిప్పుకున్నాడు.

తొలకరి వానలకు ఏరు బురదగా ఉంది. మహేశం ప్లాస్టిక్ చేప ఆ నీళ్ళలో ఏ చేపకూ కనబడలేదు. పొద్దు వాలుతుంటే వీరభద్రం విసిగి, పెట్టెలోంచి నన్ను తీశాడు. ముడి గట్టిగా కట్టాడు. బతికున్న రొయ్యను వీపు మీద గుచ్చి, మొగకు ఎగువన మడచెట్ల వేళ్ళ పక్కగా వదిలాడు. నా పలుకును ఎవరూ నొక్కలేదు.

కాసేపటికి నీరు ఒక్కసారి నోరు తెరిచినట్టయి, రొయ్యతోపాటు నేనూ లోపలికి వెళ్ళిపోయాను. ఆయన వెంటనే లాగలేకపోయాడు. చేతుల్లో ఒకప్పటి బిగువు లేదు. ఆ కాస్త ఆలస్యంలో చేప నన్ను పూర్తిగా మింగేసింది. ఆయన లాగేసరికి నేను దాని గొంతు దాటి, కడుపు తిత్తి గోడలో దిగాను.

కర్ర వంగి పడవ అంచును తాకింది. ఆయన కాసేపు పట్టాడు, ఊపిరి అందక కర్రను తమ్ముడికి ఇచ్చాడు. మహేశం చేపను అలిసిపోనిచ్చి, పడవ పక్కకు తెచ్చి, చేతులు తడుపుకుని పైకెత్తాడు. వాళ్ళిద్దరూ జీవితంలో అంత చేపను చూడలేదు. వెండిలాంటి పొలుసు, దీపంలా మెరిసే కన్ను. కడుపు గుడ్లతో బిగిసి ఉంది. వీరభద్రం ముఖంలోకి, జబ్బు చేసిన తరవాత మొదటిసారి, వెలుగు వచ్చింది.

మహేశం దాని నోరు తెరిచి చూశాడు. నేను కనబడలేదు, దారమే కనబడింది. మొప్పల దగ్గర రక్తం కారుతోంది.

"లోపల దిగిపోయింది. అదింక బతకదురా. పడవలో వెయ్యి," అన్నాడు వీరభద్రం.

"కడుపునిండా గుడ్లున్నాయి అన్నయ్యా. దారం కోసేసి వదిలితే బతుకుద్ది. ముల్లు తుప్పుపట్టి దానంతటదే రాలిపోద్ది."

మహేశం నడుముకున్న కత్తెర తీసి, నోటి దగ్గర దారం కత్తిరించాడు. చేపను నీళ్ళలో దించి, రెండు చేతుల మధ్య ముందుకీ వెనక్కీ ఆడించాడు. వీరభద్రం పడవ అంచు పట్టుకుని లేవబోయాడు, లేవలేకపోయాడు.

"అది నా చేపరా," అన్నాడు.

మహేశం చేతులు ఒక క్షణం ఆగాయి. ఆ తరవాత తెరుచుకున్నాయి.

నూకరాజు వైపు ఎవరూ చూడలేదు. అతను పడవను ఒడ్డుకు తిప్పాడు. కారులో మహేశం దారిపొడుగునా ఏదో చెబుతూనే ఉన్నాడట, రేపు పొద్దున్నే మంచి చేప తెప్పిస్తానని, ఏ రేవులో ఎవరు పడతారో తెలుసని. వీరభద్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడట. ఆ తరవాత తమ్ముడు వచ్చి మంచం పక్కన కూర్చుంటే గోడవైపు తిరిగి పడుకునేవాడు. మహేశం వచ్చేవాడు, కూర్చునేవాడు, వెళ్ళేవాడు. ఇవన్నీ నేను తరవాత ఆ ఇంట్లో విన్నవి. అప్పటికి నేను చేపలో ఉన్నాను.

అక్కడి సంగతి చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే. మొదట అది నేరుగా అడుగుకు పోయి, మడవేళ్ళ కింద కదలకుండా పడి ఉంది. రక్తం ఆగింది. మహేశం చెప్పింది అంత అబద్ధమేమీ కాదనిపించింది నాకు. ఆకలేసి అది ఒక చేపపిల్లను పట్టింది. మింగబోతే నేను అడ్డుపడ్డాను. పట్టిందల్లా బయటికి వచ్చేసింది. మళ్ళీ పట్టింది, మళ్ళీ కక్కింది. తరవాత పట్టడం మానేసింది. కడుపులో గుడ్లు పెరుగుతున్నాయి, వీపు మీద కండ తరుగుతోంది. అమావాస్య పోటుకు మిగతా తల్లులు మొగవైపు కదిలాయి. ఇదీ కదిలింది. నీరు తీసే ప్రతి పాటులో కొంచెం ముందుకు వెళ్ళేది, నీరెక్కే పోటులో వెనక్కి కొట్టుకొచ్చేది. నేను తుప్పు పట్టడం మొదలైన మాట నిజమే. కానీ నాకంటే ముందు అది అరిగిపోయింది.

మొగ కనుచూపు మేరలో ఉండగానే, నీరు తీసిన ఒక చిన్న పాయలో అది పక్కకు ఒరిగిపోయింది. అక్కడ పీతలు ఏరుకుంటున్న నూకరాజు భార్య మరిడమ్మ దాన్ని చూసింది. మొప్పలు ఇంకా ఆడుతున్నాయి. తట్టలో వేసుకుని ఇంటికి తెచ్చింది. అంత పెద్ద తలకు అంత సన్నటి వీపు ఏమిటా అనుకుంటూ కత్తిపీట మీద కోసింది. గుడ్ల తిత్తులు రెండూ నిండుగా ఉన్నాయి. ఒక్క గుడ్డూ నీళ్ళలో పడలేదు. పేగులు తీస్తుంటే నేను ఆమె బొటనవేలికి గుచ్చుకున్నాను. నా మొన అప్పటికీ పనిచేస్తోంది.

నూకరాజు నన్ను చూసి గుర్తుపట్టాడు. నాకు కట్టిన దారం ముడి ఇంకా ఉంది, వీరభద్రం ముడి వేసే తీరు వేరు. మరిడమ్మ కూర పొయ్యి మీద పెట్టబోతుంటే వద్దన్నాడు. మంచి ముక్కలూ గుడ్లూ ఏరి, అరిటాకులో చుట్టి, నన్ను జేబులో వేసుకుని అమలాపురం బస్సెక్కాడు.

సత్యవేణి పులుసు పెట్టింది. అప్పటికి వీరభద్రానికి మంచినీళ్ళు కూడా చెంచాతో పోయాల్సివస్తోంది. ఆవిడ పులుసు చెంచాతో పెదవి దాకా తెచ్చింది. ఆయన నాలుక తడిపి చూసుకుని, ఉప్పు తగ్గిందన్నాడు. మింగలేకపోయాడు. కాస్త ఆగి, ఈ చేప ఎక్కడిదని నూకరాజును అడిగాడు.

"మీ చేపేనండి," అన్నాడు నూకరాజు, నన్ను ఆయన అరచేతిలో పెట్టి. "మరిడికి పాయలో దొరికిందండి. గుడ్లు కడుపులోనే ఉండిపోయినాయండి."

వీరభద్రం నన్ను వేళ్ళమధ్య తిప్పి చూశాడు. ఆ ముఖంలో తాను చెప్పినట్టే అయిందన్న ధీమా కోసం వెతికాను. ఏళ్ళ వాదనలో ఆయనే గెలిచాడు కదా. నాకది కనబడలేదు.

"తమ్ముడికి చెప్పావా?"

"లేదండి."

"చెప్పకు. మంచిపనే చేశాననుకుంటున్నాడు వాడు. అనుకోనీ." భార్య వైపు చూశాడు. "నువ్వూ అంతే."

ఆ సాయంత్రం తమ్ముణ్ణి పిలిపించాడు. చేప ప్రస్తావన తేలేదు. గడ్డం మాసింది, గీసిపెట్టమన్నాడు. మహేశం వేడినీళ్ళు తెచ్చి, సబ్బు నురగ రాసి, ఎముక తేలిన ఆ దవడల మీద బ్లేడు ఎక్కడ తెగుతుందోనని భయపడుతూ చాలాసేపు గీశాడు. నేను దిండు పక్కన మందుల అట్టపెట్టె వెనక ఉన్నాను. నురగ తుడుస్తూ అతను ఏడ్చాడు. అన్న కళ్ళు మూసుకుని, మెడ కింద కూడా ఉంది చూడమన్నాడు. వాళ్ళిద్దరి మధ్యా జరిగిన ఆఖరి సంభాషణ అంతే.

ఆయన పోయాక పెద్దకర్మ రోజున, చుట్టాలందరూ భోజనాలు చేస్తుండగా, మహేశం వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నేలమీద కూర్చున్నాడు. విస్తరి ముందు కూర్చోలేకపోతున్నానన్నాడు. చచ్చిపోయేవాడి నోటిదగ్గర కూడు తీసేశానని, ఆ చేతులతో అన్నం ఎలా కలుపుకోవాలని అడిగాడు. ఒక్కటే ధైర్యమట, ఆ తల్లి ఈపాటికి మొగలో గుడ్లు పెట్టి ఉంటుంది, ఏట్లో ఎక్కడో తిరుగుతూ ఉంటుంది. అలా అని వదిన ముఖంలోకి చూశాడు.

మందుల పెట్టె వెనకనుంచి ఆవిడ నన్ను తీసి కొంగున ముడేసుకుంది, నేను అప్పుడు ఆ ముడిలో ఉన్నాను. ఆవిడ ముడిని గుప్పిట పట్టుకుంది.

"బతికే ఉంటదిలే మహేశం. లే, వచ్చి తిను," అంది.

అతను లేచి వెళ్ళి విస్తరి ముందు కూర్చున్నాడు. కర్రా, దారం చుట్టే చక్రమూ, పెట్టె అంతా ఆవిడ అతనికే ఇచ్చేసింది. నన్ను మాత్రం గుండీలూ సూదులూ వేసుకునే డబ్బాలో పడేసి మూత పెట్టింది. ఇప్పుడు నా నివాసం అదే. పలుకు రాలిపోయింది. మొన ముట్టుకుంటే పొడిపొడిగా చేతికి అంటుకుంటుంది. సూదికోసం డబ్బా తెరిచినప్పుడు ఆవిడ నన్ను పక్కకు జరుపుతుంది, పారేయదు.

మహేశం అప్పుడప్పుడు వస్తాడు. బతికున్న ఎర వాడొద్దని అందరికీ చెబుతాడట. ఆదివారాలు మొగ దగ్గరికి వచ్చే కుర్రకారుకు తన అన్న పట్టిన పండుగప్ప గురించి చెబుతాడట. ఎంత పొడుగో చేతులు చాపి చూపిస్తాడట, కడుపుతో ఉందని వదిలేశామని, అది బతికిందని చెబుతాడట. వదిలేశాను అనడు, వదిలేశాం అంటాడు. వదిన టీ గ్లాసు అందిస్తూ అవునా అంటుంది. అది విని కొంతమంది పట్టిన పెద్దవాటిని వదిలేస్తున్నారట. ఆ మాట చెబుతున్నప్పుడు అతని గొంతులో సంతోషం నాకు మూతలోంచి కూడా వినబడుతుంది. ముల్లు లోపలికి దిగకుండా పెదవికే గుచ్చుకున్న చేపలు బతుకుతాయి. వాళ్ళు వదిలినవాటిలో అలాంటివి కొన్నయినా ఉండే ఉంటాయి.