ఎరాలీ కొరికిన రొట్టె

మర్గిలాన్ బజారులో రొట్టెల మీద కనిపించే ఆ రేకుల పువ్వును గీసింది నేనే. నమ్మకం లేకపోతే వచ్చి విచారించుకోండి. నా కొట్టు దగ్గరే విచారిస్తే మరీ మంచిది, అక్కడ జవాబు చెప్పేదీ నేనే.

ఆ ఉదయం మామాసోలి ఎప్పటిలాగే పనిలో ఉన్నాడు. నేరేడు రంగు కొయ్య పిడిని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, దాని అడుగున ఇనుప ముల్లు నిలబెట్టి, చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేస్తున్నాడు. ముల్లు దిగాక బొటనవేలితో తడిమి చూస్తాడు. ఆ వేలి మీద చర్మం ఎప్పుడో పోయి గుర్రపు డెక్కలాంటిది మిగిలింది. పొట్టి మనిషి, మెడ లేనట్టే ఉంటుంది, కనుబొమలు మాత్రం ఇద్దరికి సరిపోతాయి. పెదవుల మధ్య ఎప్పుడూ ముళ్లు పట్టుకుని ఉంటాడు. మాట్లాడాలంటే వాటిని తీయాలి. అంత శ్రమకు తగిన మాట అతనికి రోజుకు ఒకటి తగిలితే గొప్ప.

తందూరు గోడకు అంటించే ముందు, రొట్టె నడుమ పొంగకుండా పొడిచే ముద్రను మేము చెకిచ్ అంటాం. మా ఊళ్లో ఏ తందూరు దగ్గర చూసినా మామాసోలి చేసిన చెకిచ్ ఉంటుంది. అతని బతుకంతా అదే. పెళ్లి చేసుకోలేదు, ఊరు దాటలేదు. పక్క కొట్టు నాది. పగిలిన టీకుండలకు తీగ కుట్లు వేస్తాను. నేను కుట్టిన కుండను ఒకసారి ఒంటె తొక్కితే ఒంటెకే కాలు విరిగింది. సరే, ఒంటె సంగతి వదిలేయండి.

ఎండ బజారు కప్పు మీదికి వచ్చేసరికి హుర్మతాయ్ దిగింది. రొట్టెలు కాల్చే ఆడవాళ్లకు ఆమె పెద్ద. మోచేతుల దాకా కాలిన మచ్చలు, తందూరు కంటే వేడి గొంతు. వెంట నజోకత్ అనే లాయరమ్మాయి, వీళ్ల తరఫున కేసు చూస్తున్న పిల్ల.

కేసు సంగతి అప్పటికే బజారంతా తెలుసు. నగరంలో ఒక రొట్టెల కంపెనీ ఆ పువ్వును తన గుర్తుగా రిజిస్టరు చేయించుకుంది. సంచి మీద పువ్వు, లారీ మీద పువ్వు, టీవీలో పువ్వు పాట. ఇక మీదట ఇంకెవరి రొట్టె మీద ఆ పువ్వు కనిపించినా దావా వేస్తామని నోటీసు పంపింది.

"మా రొట్టె మీది పువ్వు మాది కాదట!" అంది హుర్మతాయ్. "రేపు నా ముక్కు కూడా రిజిస్టరు చేయించుకుంటారు."

"నీ ముక్కు ఎవడికి కావాలే? హాయిగా పడుకో," అన్నాను.

"నువ్వు కుండలు కుట్టుకో బాబాయ్. తీగ మిగిలితే నోరు కుట్టుకో."

నజోకత్ నవ్వు ఆపుకుని మామాసోలి ముందు కూర్చుంది. "కంపెనీ కంటే ముందే ఈ పువ్వు ఇక్కడుందని చూపిస్తే రిజిస్టరు కొట్టేస్తారు పెదనాన్నా. నోటి మాట నమ్మరు. ఫోటో నిన్న తీసిందంటారు. చెకిచ్‌లకు ముళ్లు మార్చారంటారు. పాత రొట్టె ఉంటే దాని వయసు లాబ్‌లో తేలుతుంది. ఈ వారంలోపే ఇవ్వాలి."

అందరూ మామాసోలి వైపు చూశారు. పాత రొట్టె ఎవరింట్లో ఉందో బజారులో తెలియనివాడు లేడు.

ఇక్కడ నా మొదటి మాట తీసి గట్టున పెట్టాలి, లేకపోతే కథ నడవదు. పువ్వు గీసింది నేను కాదు. నాకు బొమ్మ గీయమంటే గాడిదకూ గుమ్మడికాయకూ తేడా రాదు. ఆ పువ్వు మామాసోలి తమ్ముడు ఎరాలీది. అఫ్గాన్ యుద్ధానికి పిలుపు వచ్చిన సాయంత్రం, ఏం చేయాలో తోచక, అన్న పని బల్ల మీద ముళ్లు పేరుస్తూ కూర్చున్నాడు. పువ్వయింది. అన్న దాన్ని అలాగే పిడిలోకి దిగగొట్టాడు. మర్నాడు తల్లి ఆ ముద్ర వేసి మొదటి రొట్టె కాల్చింది. ఎరాలీ దాన్ని ఒక్క కొరుకు కొరికి వెళ్లాడు. మిగిలిన రొట్టె గోడకెక్కింది. మా వైపు ఆచారం అది, వెళ్లినవాడు తిరిగొచ్చి మిగతాది తినాలి. అందాకా దాన్ని ఇంకెవరూ తుంపరు. తుంపితే వాడిక రాడని ఒప్పుకున్నట్టే.

ఎరాలీ రాలేదు. శవపెట్టె రాలేదు, కబురూ రాలేదు.

"మొత్తం అక్కర్లేదు పెదనాన్నా," అంది నజోకత్. "అంచున చిటికెడు."

మామాసోలి పెదవుల మధ్య నుంచి ముళ్లు ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"చిటికెడైనా తుంపినట్టే కదమ్మా."

ఆ పిల్ల తల వంచుకుంది. "మా నాన్న రష్యా వెళ్లినప్పుడు మా ఇంట్లోనూ ఇలాగే ఒక రొట్టె వేలాడింది," అంది మెల్లగా.

హుర్మతాయ్ ఊరుకోలేదు. "తుంపకపోతే వాడి పువ్వు పోతుందన్నా! వాడి చేతి పువ్వు మీద ఎవడి పేరో ఉంటుంది. అది నీకు సమ్మతమేనా?"

మామాసోలి కొట్టు మూశాడు. మిట్టమధ్యాహ్నం అతను కొట్టు మూయడం నేనెప్పుడూ చూడలేదు. నేనూ టీకుండ పట్టుకుని వెంట నడిచాను.

అతని ఇంటి గదిలో వెలుతురు తేనెలా చిక్కగా ఉంది. గోడ మీద రొట్టె పాత కొయ్య రంగుకు తిరిగింది. నడుమ పువ్వు చెక్కుచెదరలేదు. ఒక పక్కన నెలవంకలా పోయిన అంచు, దాని మీద పళ్ల గాట్లు. మామాసోలి దాని దగ్గరికి వెళ్లాడు. చెయ్యి ఎత్తాడు, పువ్వు దాకా వెళ్లి ఆగాడు. తర్వాత ఆ డెక్కలాంటి బొటనవేలిని కొరికిన అంచు పొడవునా, గాలిలోనే, తగలకుండా నడిపించాడు.

పెరట్లో మల్బరీ నీడన బల్లమంచం మీద కూర్చుని కొత్త పిడి తీసి ముళ్లు దిగగొట్టాడు. ఈసారి పువ్వు లేదు. ఒక పక్క విరిగిన వలయం, విరిగినచోట వంపు తిరిగిన గాట్లు. అంతే. ఊది, తడిమి, నా ఒళ్లో పెట్టాడు.

"హుర్మతాయ్‌కి ఇవ్వు. పువ్వు ఆ కంపెనీవాళ్లనే ఉంచుకోమను."

మంచం మీద వెనక్కి ఒరిగాడు. టీ పోశాను. మల్బరీ పళ్లు టపటపా రాలుతున్నాయి. వీధి తలుపు ఎవరో తోసినట్టు మెల్లగా తెరుచుకుంది. మామాసోలి ఆ కనుబొమలు రెండూ పైకెత్తి చూశాడు. మంచం మీద కాస్త పక్కకు జరిగాడు, ఇంకొకరికి చోటిచ్చినట్టు. నేను గిన్నె అందించబోయేసరికి అందుకోవడానికి అతను లేడు.

మర్నాడు ఖననం అయ్యాక హుర్మతాయ్, నజోకత్ ఆ గదిలోకి వెళ్లారు. వద్దనేవాడు ఇప్పుడు ఎవడూ లేడు, గడువు ఇంకా మిగిలే ఉంది. హుర్మతాయ్ స్టూలెక్కింది. రొట్టె వేలాడదీసిన దారం చివికి ఒక్క పోగే మిగిలి ఉంది. ఆమె తన తలగుడ్డ అంచు నుంచి గట్టి ఎర్ర దారం లాగి, కొత్త ముడి వేసి దిగింది.

"తుంపలేదేమే?" అన్నాను.

"నేను కొరికింది కాదుగా బాబాయ్."

పువ్వు కంపెనీకే పోయింది. కొత్త ముద్రను నజోకత్ రొట్టెలు కాల్చే ఆడవాళ్లందరి పేరునా కలిపి రిజిస్టరు చేయించింది. "ఎవడో కొరికినవి అమ్ముతున్నారేంటి?" అని బేరగాళ్లు వేళాకోళం చేస్తారు. "కొరికినవాడు వచ్చేలోపు కొనుక్కోండి," అంటుంది హుర్మతాయ్.

వీధి తలుపు తెరుచుకుందన్నది మాత్రం నా కల్పన. ఆ పూట గాలి కూడా లేదు. అతను పక్కకు జరగడం నిజం. ఎవరి కోసమో తెలియక, కథలో తలుపు నేను తీశాను. మిగతాదంతా ఆ గదిలోకి వెళ్లి చూసుకోవచ్చు, గోడ మీద, ఎర్ర దారానికి.