అరవై రెండు మంది జవాబులు

డాక్టర్ దేవకుమారి రాసిన ఒక్క వ్యాసాన్ని అప్పటికి తొమ్మిది వందల మంది పరిశోధకులు తమ రాతల్లో ఉదహరించారు. గుంటూరులో ఆమె పాఠాలు చెప్పే వైద్య కళాశాలలో అన్ని సైటేషన్లు మరెవరికీ లేవు. వైద్యంలో నీతి గురించి ఎక్కడ సదస్సు జరిగినా ముందు ఆమెనే పిలిచేవారు. పిలిచిన ప్రతిసారీ ఆమె రాలేననడానికి ఏదో ఒక సాకు వెతికేది.

పదకొండేళ్ల కిందట మిరప కోతలకు వెళ్లే చదువురాని ఆడవాళ్ల మీద ఆమె ఆ పరిశోధన చేసింది. మందుల ప్రయోగంలో చేరేముందు అంగీకార పత్రాన్ని చదివి వినిపిస్తే వాళ్లకు అర్థమవుతుందా అన్నది ప్రశ్న. రెండు వందల మందిని అడగాలి. నూట ముప్పై ఎనిమిది మంది దగ్గర పని ఆగిపోయింది. వాళ్లలో సగం మందే సరిగ్గా జవాబు చెప్పారు. కోతలు ముమ్మరమయ్యాయి, ఎవరికీ నిలబడి మాట్లాడే తీరిక లేదు. పదోన్నతి దరఖాస్తుకు వారమే గడువుంది. మిగిలిన అరవై రెండు మంది పేర్లు ఒక పల్లె ఓటర్ల జాబితాలోంచి తీసుకుని, జవాబులు తనే నింపింది. అందరికీ అన్నీ అర్థమయ్యాయని రాసింది. చదివి వినిపిస్తే చాలునని వ్యాసం తేల్చింది.

ఈ ఫిబ్రవరిలో, ఆమె సభ్యురాలిగా ఉన్న కళాశాల నీతి సంఘం ముందుకు ఒక ఫైలు వచ్చింది. షుగరుకు కొత్త మాత్ర. మార్టూరు దగ్గరి ఒక పల్లెలో ఆర్నెల్లు ప్రయోగించారు, ఇంకో పది పల్లెలకు అనుమతి కావాలి. పత్రాన్ని చదివి వినిపించి వేలిముద్రలు తీసుకున్నామని, ఆ పద్ధతికి ఆధారం దేవకుమారి వ్యాసమని అందులో ఉంది. సగం మందికి మందు లేని ఉత్త మాత్రలు ఇచ్చారు. ఆ పల్లె పేరును ఆమె రెండుసార్లు చదివింది. ఆ ఓటర్ల జాబితా ఆ ఊరిదే.

మర్నాడే బయల్దేరి వెళ్లింది. కళ్లంలో ఆరబోసిన మిరపకాయల ముందు ఆడవాళ్లు కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. ప్రయోగంలో చేరినవాళ్లెవరని అడిగితే రమణమ్మను చూపించారు. యాభై ఐదేళ్లుంటాయి. ఎడమ కన్ను మసకబారిందట, తల పక్కకు తిప్పి కుడి కంటితో చూసింది.

"పాత మాత్రలు మానేయమన్నారు డాక్టరమ్మా. కొత్తవి మంచివన్నారు. నాలుగో నెల్లో కంటి ముందు నల్లగా తెర పడింది. లోపల రక్తం కారిందన్నారు పెద్దాసుపత్రిలో."

"ముందు కాగితం చదివి వినిపించారా?"

"ఆ, బాగా చదివింది ఆ మాత్రలిచ్చిన పిల్ల. హరికథ విన్నట్టు విన్నాం."

"కొందరికి ఉత్త మాత్రలు ఇస్తారని చెప్పారా? ఎప్పుడైనా మానేయొచ్చని?"

రమణమ్మ ఒక తాలుకాయ తీసి పక్కన పడేసింది. "చెప్పే ఉంటారు. మాకేం తెలుసు?"

దేవకుమారి ఆమె పక్కనే నేల మీద కూర్చుంది.

"అట్లా చదివితే చాలని రాసింది నేనేనమ్మా. మీ ఊళ్లో అరవై రెండు మందిని అడిగానని రాశాను. అడగలేదు. మీ పేరు కూడా ఉంది అందులో."

"నా పేరా? నేనేం చెప్పానని రాశారు?"

"అన్నీ అర్థమయ్యాయని."

పక్కనున్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. రమణమ్మ తల తిప్పి కుడి కంటితో ఆమెను చూసింది.

"అడిగితే చెప్పేదాన్ని కదమ్మా, అర్థం కాలేదని."

ఆ జాబితాలోని మిగతావాళ్ల ఇళ్లెక్కడో దేవకుమారి అడిగి రాసుకుంది.

గుంటూరు వచ్చి నేరుగా ప్రిన్సిపల్ ఇమాం హుస్సేన్ గారి గదికి వెళ్లి జరిగిందంతా చెప్పింది. ఆయన లేచి తలుపు మూసి వచ్చారు.

"ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు కదండీ. ఆ కొత్త ప్రయోగాన్ని ఆపేద్దాం, అంతవరకు మంచిదే. వ్యాసం జోలికెందుకు? మీ పేరుతో పాటు కాలేజీ పేరూ పోతుంది."

"అది ఉన్నన్నాళ్లూ ఇంకెవరో వాడుకుంటారు సార్."

ఆ సాయంత్రమే వ్యాసం అచ్చు వేసిన పత్రికకు తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం రాసింది. ప్రయోగం ఆగింది. నాలుగు నెలలకు వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నట్టు పత్రిక ప్రకటించింది. అయినా అదే నెలలో మరో ముగ్గురు దాన్ని ఉదహరించారు. ఆమె ముగ్గురికీ రాసింది. ఒక్కరే బదులిచ్చారు, అచ్చయిపోయింది, ఏమీ చేయలేమని.

తర్వాత ఆమె మీద విచారణ మొదలైంది. సాక్ష్యం చెప్పడానికి రమణమ్మ బస్సెక్కి గుంటూరు వచ్చింది. ఆ నెలల్లో దేవకుమారి ఆమెను మూడుసార్లు కంటి ఆసుపత్రికి తీసుకెళ్లింది. చూపు కొంచెం కూడా తిరిగి రాలేదు.

"డాక్టరమ్మ తప్పు ఒప్పుకున్నారు. మీరేమంటారు?" అని విచారణ అధికారి అడిగారు.

"ఒప్పుకుంది, మంచిదే. ఆసుపత్రికీ తిప్పింది. కాదనను." రమణమ్మ కొంగుతో కన్ను తుడుచుకుంది. "అయితే ఈ కన్ను నాది. ఒప్పుకున్నందుకు అది రాదు గదండీ."

దేవకుమారిని ఐదేళ్లపాటు పరిశోధనకు దూరం పెట్టారు. పదోన్నతి రద్దు చేశారు. ఉత్తర్వు చదివాక, ఏమైనా చెప్పుకోవాలా అని అధికారి అడిగారు. ఆమె లేచి నిలబడింది.

"తక్కినవాళ్ల ఇళ్లకూ వెళ్లి చెప్పాలండీ. ఆ అరవై రెండు మందిలో ఇరవై మందికే చెప్పగలిగాను ఇప్పటిదాకా."